మెయిన్ ముందా, దీపం ముందా

చేవెళ్లలో ఒక ఎరువుల దుకాణం పైన మా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. బాపు, అంటే మా నాన్న, పెట్టింది. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, లోపలికి అడుగుపెడితే మిషన్ ఆయిల్ వాసన. ఆ రెండింటి మధ్యే పెరిగాను కాబట్టి నా ముక్కు ఇప్పుడు ఏ వాసనా పట్టదు. దాని మీద ఉండాల్సిన కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఒక గోడ పక్కన ఆరు టైపు మిషన్లు, ఎదురుగా ఎనిమిది కంప్యూటర్లు. వాటిలో ఒక్కటే కొత్తది, అది నా రసీదులకు, లెక్కలకు. మిగతా ఏడూ మొయినాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు ల్యాబులోంచి తీసేస్తుంటే ట్రాలీ ఆటోలో వేసుకొని తెచ్చినవి. "బండలసొంటియి మేడం, ఇంకో పదేండ్లు ఏం గావు" అన్నాడు అక్కడి స్టోర్ కీపర్. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఇక్కడికి తెచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక అవి నిజంగానే బండల్లా కూర్చున్నాయి. బటన్ నొక్కి, కిందికి దిగి చాయ్ తాగి, దుకాణం ఆయనతో వానల గురించి నాలుగు మాటలు మాట్లాడి పైకొచ్చినా తెర మీద ఇంకా చక్రం తిరుగుతూ ఉండేది.

నాకు దాంతో పెద్ద బాధ లేదు. చాయ్ అంటే ఇష్టమే. బాధంతా ముడిమ్యాల నుంచి వచ్చే ఒకామెకు.

ఆమెకు ముప్పై దాటి చాలా రోజులైంది. పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ చేసింది. పొద్దున్నే పాలకూర, కొత్తిమీర కట్టలు తెచ్చి చేవెళ్ల మార్కెట్లో అమ్మి, గంప మా మెట్ల కింద బోర్లించి, పదకొండుకు పైకి వస్తుంది. పన్నెండుకు షేర్ ఆటో నిండుతుంది. అది తప్పితే మళ్లీ బడి వదిలేదాకా ఆటో ఉండదు. ఆలోగా ఇంట్లో బర్రెలకు పాలు పిండాలి, పాలబండి ఎవరి కోసమూ ఆగదు. అంటే రోజు మొత్తంలో ఆమెకు దొరికేది ఒక్క గంట. ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు పోస్టుకు రాత పరీక్ష పాసైంది, ఇక మిగిలింది కంప్యూటర్ మీద టైపింగ్ పరీక్ష. వయసు లెక్కన అదే ఆమెకు ఆఖరి అవకాశం.

ఒకరోజు ఆమె కుర్చీలో కూర్చొని, కీబోర్డు మీద వేళ్లు ఊరికే ఆడించుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"నా గంటల పన్నెండు నిమిషాలు ఈ డబ్బానే తింటున్నది మేడం. గడియారం వెట్టి చూసిన."

నాకు చురుక్కుమంది. గంట మొత్తానికీ ఫీజు తీసుకుంటున్నది నేను, అందులో పన్నెండు నిమిషాలు తినేస్తున్నది నా డబ్బా. ఇంకో సంగతి కూడా ఉంది. నాకు పాతికేళ్లున్నప్పుడు ఇలాంటి పోస్టుకే ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. "నువ్వు పోతే ఇన్‌స్టిట్యూట్ ఎవరు జూస్తరు బిడ్డా" అన్నాడు బాపు. వెళ్లలేదు. ఆ కాగితం ఏమైందో కూడా తెలియదు. అందుకే ఈమె విషయంలో నాకు భయమేసింది. ఈసారి కూడా ఈ గది వల్లే ఒక ఆడమనిషి ఉద్యోగం పోతుందేమో అని.

పరీక్షకు ముప్పై రోజులుంది. నేను మొయినాబాద్ సార్‌కు ఫోన్ చేశాను.

ఆయనది గోదావరి వైపు. ఐటీలో పెద్ద ఉద్యోగం, మొయినాబాద్‌లో గేటున్న కాలనీలో ఇల్లు. ఇద్దరు పిల్లలకూ మా దగ్గరే టైపింగ్ నేర్పించాడు, ఆ మొహమాటం కొద్దీ ఆదివారాలు వచ్చి మా కంప్యూటర్లు చూస్తుంటాడు. మనిషి మంచివాడు. కాకపోతే గ్లాసు మంచినీళ్లు ఇచ్చినా దానికి ఒక పట్టిక గీస్తాడు.

"మేడం గారూ, ఈ పాత సిస్టమ్స్‌కి విడివిడిగా సాఫ్ట్‌వేర్ పెట్టడం దండగండీ. నెట్‌వర్క్ మీద నడిచేది పెడదాం. కొత్త సిస్టమ్ సర్వర్ అవుతుంది. మిగతా ఏడూ దాన్నుంచే తీసుకుంటాయండీ" అన్నాడు.

నాకు అర్థమైంది ఇది: ఎనిమిది పొయ్యిలు ఊదే బదులు ఒక్కచోట వండి, మిగతావాళ్లు కంచాలు పట్టుకొని కూర్చోవడం. అంతవరకు బాగుంది. కానీ అలా వండిపెట్టే సాఫ్ట్‌వేర్లు, అన్నీ ఉచితంగా దొరికేవే, నాలుగు ఉన్నాయట. నాలుగింటినీ పరీక్షించి, మార్కులు వేసి, అప్పుడు ఒకటి ఎంచుకోవాలట. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఇరవై మూడు వరుసలు. భద్రత, నిర్వహణ, విస్తరణకు వీలు, ప్రపంచవ్యాప్తంగా వాడేవాళ్ల బలగం, ఇంకా ఏవేవో. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు. మా ఆయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా ఇంట్లో ఇన్ని ప్రశ్నలు వేసి ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది.

"ఇండ్ల బటన్ ఒత్తినంక అక్షరం పడేదానికి ఎంతసేపో ఏ వరుసల ఉన్నది సార్?" అని అడిగాను.

ఆయన కాసేపు వెతికాడు. "పద్నాలుగో వరుసండీ. స్టార్టప్ టైమ్."

"పదికి పదేనా?"

"అన్నిటికీ పదేనండీ. ఒకదానికి ఎక్కువేస్తే పద్ధతిగా ఉండదు కదండీ."

ఆయన పద్ధతి ఆయనది. నాకూ ఒక కాగితం కావాలని చేయి చాపాను. జేబులోంచి చిల్కూరు కార్డు తీసి ఇచ్చాడు. గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్లు తప్పిపోకుండా గుర్తు పెట్టుకునే గడుల కార్డు అది. వాళ్లావిడ కోసం తీసిపెట్టింది. నేను దాని మీద, స్వామివారు ఏమనుకున్నా సరే, బటన్ నొక్కినప్పటి నుంచి మొదటి అక్షరం పడేదాకా ఎన్ని సెకన్లో ఒక్కో గడిలో రాయడం మొదలుపెట్టాను. "అయ్యో, అది దేవుడిదండీ" అన్నాడాయన. "మన పని గూడ తిరుగుడేగద సార్" అన్నాను.

మొదటి సాఫ్ట్‌వేర్ చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. నీలిరంగు కొండలు, గాజులా మెరిసే బొమ్మలు, కిటికీ మూస్తే అది వంకర్లు తిరుగుతూ కిందికి జారిపోవడం. సార్ పట్టికలో మార్కులన్నీ దానికే. కానీ మా పాత డబ్బాల మీద అది లేచి ముస్తాబయ్యేసరికి ఐదు నిమిషాలు. రెండోదానికి ముస్తాబూ లేదు, మన్నూ లేదు. బూడిదరంగు తెర, మూలన గడియారం, మధ్యలో టైపింగ్ ప్రోగ్రాం. యాభై సెకన్లు. మూడోది మా డబ్బాల్లో రెండింటిని అసలు కంప్యూటర్లుగానే గుర్తించలేదు. దాన్ని నేను తప్పు పట్టలేదు. నాలుగోది లేచింది గానీ, సెమికోలన్ కొడితే ఏదో దేశపు అక్షరం పడేది. టైపు నేర్చుకునే ప్రతివాళ్లూ మొదటి రోజు నుంచే కొట్టే అక్షరం సెమికోలన్. దాన్ని సరిచేయడానికి సార్ మూడు గంటలు కూర్చున్నాడు, అది సరికాలేదు, ఆయనకు మెడ పట్టేసింది.

రెండు ఆదివారాలు ఇలా గడిచాయి. పట్టిక ప్రకారం పెళ్లికొడుకు నెగ్గాడు. నా కార్డు ప్రకారం రెండోది. ఇద్దరం గట్టిగానే మాటలు అనుకున్నాం. ఆయన గట్టిగా అన్నా చివర 'అండీ' ఉంటుంది కాబట్టి తిట్టినట్టు అనిపించదు. నాకు ఆ వసతి లేదు. చివరికి మర్నాడు ముడిమ్యాల ఆమె వచ్చినప్పుడు రెండిటినీ ముందు పెట్టి అడిగాను.

"అందం నాకెందుకు మేడం, ఇంట్ల నేనున్న గద" అంది. "తొందరగా లేచేది ఏదో గదే ఉంచుండ్రి."

రెండోదే ఉంచాం. సార్ పాపం మనసు కష్టపెట్టుకోకుండా ఆ తర్వాతి ఆదివారం దాన్ని ఏడింటికీ పెట్టాడు. ఇంకో ముప్పై సెకన్లు కలిసొస్తాయని, కరెంటు రాగానే కంప్యూటర్లన్నీ బటన్ నొక్కకుండా వాటంతట అవే లేచేలా కూడా చేశాడు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించాడు. చక్కగా లేచాయి. ఆనందంతో ఆయనకు కింద బండి మీద మిర్చి బజ్జీలు తినిపించాను. పరీక్షకు ఇంకా పద్నాలుగు రోజులు.

సోమవారం పొద్దున ఇన్‌స్టిట్యూట్ తెరిచాను. ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. రాత్రి తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపేస్తాం, కింద ఎరువుల బస్తాలున్నాయి కాబట్టి. పొద్దున తెరవగానే ముందు దీపం, అగరుబత్తి. మిషన్లన్నిటికీ అగరుబత్తి తిప్పి, బాపు ఫొటోకు దండం పెట్టి, అప్పుడు కుడిచేత్తో మెయిన్ వేయాలి. ఒక్క దెబ్బకు లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి రావాలి. బల్లల దగ్గరి చిన్న స్విచ్చులు ఎప్పుడూ వేసే ఉంటాయి. బాపు నలభై ఏళ్లు ఇలాగే చేశాడు. అన్నీ ఒక్కసారి వెలిగితేనే లక్ష్మి అనేవాడు. నేనూ అలాగే చేస్తున్నాను.

దీపం పెట్టాను, దండం పెట్టాను, మెయిన్ వేశాను. ఎనిమిదీ ఒకేసారి గుయ్యిమన్నాయి. కొత్తది లేచింది, కానీ సర్వర్ అయ్యాక దాని మీద ఎవరినీ కూర్చోబెట్టొద్దన్నాడు సార్. మిగతా ఏడింటి మీద నల్ల తెర, దాని మీద ఒక తెల్ల గీత మినుకుమినుకుమంటూ ఆగిపోయింది.

ఏ యంత్రం మొండికేసినా నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. మెయిన్ ఆపి మళ్లీ వేశాను. మళ్లీ నల్ల తెర. ఈసారి కాస్త కోపంగా వేశాను. మళ్లీ అదే. సార్‌కు ఫోన్ చేస్తే మీటింగులో ఉండి గుసగుసగా మాట్లాడాడు. "నిన్న నా దగ్గర బాగానే పనిచేసిందండీ." ఈ ఒక్క మాటతో ఆ ఐటీ కంపెనీలన్నీ ఎట్లా బతుకుతున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు.

పదకొండుకు ఆమె వచ్చింది. నేను పన్నెండు దాకా మెయిన్ ఆపుతూ వేస్తూనే ఉన్నాను. ఆ గంట పూర్తిగా పోయింది. మంగళవారం కూడా పోయింది. ఆ సాయంత్రం సార్ ఆఫీసు ఎగ్గొట్టి వచ్చాడు. నా చేత అన్నీ ఆపించి, తనే ఒక్కొక్క స్విచ్చి వేసుకుంటూ వచ్చాడు. ఏడూ బుద్ధిమంతుల్లా లేచాయి. బుధవారం పొద్దున దీపం, దండం, మెయిన్. నల్ల తెర. నాకు ఏడుపొచ్చింది. ఏడవడం చేతగాక సార్‌ను ఫోన్లో తిట్టాను. మీ పట్టికలు, మీరు అన్నాను. పెళ్లికొడుకునే పెట్టి ఉంటే బాగుండేది, కనీసం ఐదు నిమిషాలకైనా లేచేవాడు అన్నాను. ఆయన మొదటిసారి 'అండీ' లేకుండా "సరే" అని పెట్టేశాడు.

ఆమె ఆ మూడు రోజులూ నల్ల తెర ముందు కూర్చొని, టేబుల్ అంచు మీదే వేళ్లతో కొట్టుకుంది. అది చూడడం కంటే ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం ఆమె వచ్చేసరికి నేను మెయిన్ మరోసారి ఆపి వేసి, ఐదు నిమిషాలుగా నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నాను. ఆరు నల్ల తెరలు. ఏడోది, ఆమె రోజూ కూర్చునేది, అసలు వెలగనే లేదు. పొద్దున బ్యాచిలో ఒక అమ్మాయి దాని ప్లగ్గు పీకి ఫోన్ చార్జింగు పెట్టుకొని వెళ్లింది. ఆమె ఆ చార్జర్ తీసి పక్కన పెట్టి, కంప్యూటర్ ప్లగ్గు పెట్టింది.

అది లేచింది. బూడిదరంగు తెర, మూలన గడియారం.

నేను ఉరికి వెళ్లాను. ఆమె టైపు చేయడం మొదలుపెట్టలేదు. పక్కనున్న ఆరు తెరల వైపు చూసింది, కొత్త కంప్యూటర్ వైపు చూసింది, గోడ మీది మెయిన్ వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు.

"మేడం, ఇవన్నిటికి పాలిచ్చేది గా కొత్తదే గద?"

"అవు."

"అది ఎంతసేపట్ల లేస్తది?"

"రెండు మూడు నిమిషాలు."

"మరి ఇవి?"

"యాభై సెకన్లు."

"బర్రె లేవకముందే దూడలనిడిస్తే ఏం తాగుతయి మేడం? జరసేపు ఎతుక్కుంటయి. దొరకకుంటె పండుకుంటయి. మీరేమో రోజు అన్నిటిని ఒక్కపారే ఇడుస్తున్నరు."

నలభై ఏళ్లుగా టైపు నేర్పుతున్న ఇంటి మనిషిని. నాకు మొహం చెల్లలేదు. మొహం చెల్లనప్పుడు చేసే పనే చేశాను, ఎదురు మాట్లాడాను.

"మా బాపు కాలంకెల్లి గిట్లనే ఏస్తున్న. ఎన్నడు ఏం గాలె."

"మీ బాపు కాలంల ఇవి లేవు గద మేడం" అంది ఆమె. చాలా నెమ్మదిగా అంది. అప్పటికే వేళ్లు కీబోర్డు మీద పెట్టుకుంది, ఆమెకు నాతో వాదించే తీరిక లేదు.

సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. "సర్వర్ ముందు లేవాలండీ. అది ఎవరికైనా తెలుసు కదండీ, అందుకే చెప్పలేదు" అన్నాడు. ఆ ఎవరిలో నేను లేనని ఇరవై మూడు వరుసల్లో ఒక్కదానిలోనూ రాసుకోలేదు ఆయన. ఆయనను తిట్టినందుకు క్షమాపణ అడగాలనుకున్నాను. దాని బదులు ఆదివారం మళ్లీ బజ్జీలు తినిపిస్తానన్నాను. ఆయనకు అర్థమైంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే పాత కంప్యూటర్ల లైను విడగొట్టి దానికి వేరే స్విచ్చి పెట్టి పోయాడు, పది నిమిషాల పని. అసలు కష్టం నాది. మర్నాడు తలుపు తీసి, అగ్గిపెట్టె ఒక చేతిలో, రెండో చేయి మెయిన్ మీద పెట్టుకొని నిలబడిపోయాను. ముందు దీపం పెట్టి, తర్వాత మెయిన్ వేసి, కొత్తది లేచేదాకా ఊరికే నిలబడవచ్చు. కానీ పొద్దున బ్యాచి మెట్ల మీదికి వచ్చేసి ఉంటుంది, వాళ్లు నన్ను నిలబడనివ్వరు. మరిచిపోయి రెండో స్విచ్చి ముందే వేసేస్తాను, నా సంగతి నాకు తెలుసు. మెయిన్ ముందు వేస్తే, దీపం పెట్టి, అగరుబత్తి ఆరు మిషన్లకూ ఎనిమిది డబ్బాలకూ తిప్పి, బాపుకు దండం పెట్టేసరికి కచ్చితంగా మూడు నిమిషాలు. సర్వర్‌కు కావలసింది అంతే.

బాపు ఫొటో వైపు చూశాను. నా ఇంటర్వ్యూ కాగితం సంగతిలో నీ మాట విన్నాను, ఈ ఒక్కటి వినను అన్నాను. పైకే అన్నాను, గదిలో ఎవరూ లేరు. మెయిన్ వేశాను. తర్వాత దీపం వెలిగించాను. అగరుబత్తి చివరి మిషన్ దాకా తిప్పి వచ్చి రెండో స్విచ్చి వేస్తే ఏడూ ఒకటే వరుసలో లేచి నిలబడ్డాయి. మా ఇన్‌స్టిట్యూట్‌లో దేవుడికి ఒక సాంకేతిక బాధ్యత అప్పజెప్పింది ఆ రోజే. అప్పటి నుంచి ఆయన ఒక్కరోజు కూడా డ్యూటీ తప్పలేదు.

ఆమెకు మిగిలిన పది రోజుల్లో ప్రతి గంటా నిండుగా దొరికింది. మెట్ల కింద గంప బోర్లించడం, వచ్చి కూర్చోవడం, కొట్టడం. నాకు తెలిసి ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. పన్నెండుకు లేచి చీర కొంగుతో కీబోర్డు తుడిచి వెళ్లిపోయేది.

పరీక్ష మొయినాబాద్‌లోనే, ఒక కాలేజీలో. సార్ కారు పంపిస్తానన్నా ఆమె ఒప్పుకోలేదు, కొత్త బండెక్కితే కడుపులో తిప్పుతుందని. నేనూ ఆమె బస్సులో వెళ్లాం. నేను గేటు బయట ఒక బండ మీద కూర్చున్నాను. నా ఇంటర్వ్యూకు పోయి ఉంటే ఎంత భయపడేదాన్నో అంత భయమూ ఆ బండ మీదే పడ్డాను. బయటకొచ్చాక ఎట్లయిందని అడిగితే "కొట్టిన" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాలేదు. చేవెళ్లలో ఆటో అందుతుందో లేదోనని బస్సు కోసం రోడ్డు వైపు చూస్తోంది.

వానాకాలం పోయాక ఫలితం వచ్చింది. ఆమె వచ్చి చెప్పినప్పుడు నేను ఒక పిల్లకు సెమికోలన్ మీద చిటికెన వేలు పెట్టడం నేర్పుతున్నాను. లేచి ఆమెను పట్టుకొని ఏడ్చేశాను. ఏడవడం చేతగాదని ఇందాక అన్నానే, అది అబద్ధం.

ఉద్యోగంలో చేరిన మూడో రోజు పొద్దున ఆమె ఫోన్ చేసింది. పదకొండు కూడా కాలేదు. హలో కూడా అనకుండా ఏమైందని అడిగాను.

"ఏం గాలె మేడం. ఈడ నాకిచ్చిన కంప్యూటర్ మస్తు పాతది. బటన్ ఒత్తినంక పన్నెండు నిమిషాలకు లేస్తున్నది. గడియారం వెట్టి చూసిన."

"అయ్యో! సార్‌ను తోలుకొని రానా? ఒక్క ఆదివారంల సక్కగ జేస్తడు."

"వద్దు వద్దు" అంది ఆమె. అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "దాని ఇష్టమొచ్చినప్పుడు లేవనియ్యుండ్రి. గా పన్నెండు నిమిషాలు ఇప్పుడు నావి గావు మేడం, సర్కారువి. నేను చాయ్ తాగుతున్న."